కనుక్కోవడం అంటే అడగడమే కదప్పా

మొన్న ఆదివారం పొద్దున మా పాప ఏదో క్విజ్ పోటీ అని జనరల్ నాలెడ్జ్ బిట్లు బట్టీ కొడుతూ, పుస్తకం నా చేతికిచ్చి అడగమంది. నేను కూడా పేపరు పక్కన పెట్టి అడుగుతున్నా. బెలుం గుహలను కనుగొన్నది ఎవరు? రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఏ సంవత్సరం? 1884. శభాష్. తర్వాతి బిట్టుకి పోబోతుంటే తనే ఆపి, "అంతకుముందు ఆ గుహలు యాడికి పోయింటాయి నాన్నా?" అనింది.

నవ్వేసి ఊరుకున్నా గానీ జవాబు మాత్రం చెప్పలేకపోయినా. ఎందుకంటే బెలుం అనే పేరే బిలం లోంచి వచ్చింది, బిలం అంటే గుహ, అంటే ఊరికి పేరు పెట్టినోడికే అక్కడ గుహ ఉందని తెలుసు. పేరులోనే గుహ ఉన్న ఊళ్ళో 1884లో ఒక దొర వచ్చి గుహని కనుక్కున్నాడంట. మా ఇంట్లో బీరువా ఉందని పక్కింటాయన వచ్చి కనుక్కున్నట్లుంది కథ.

ఇది చదివి "చూశారా, అంతా మనోళ్ళకు ముందే తెలుసు" అని మొదలుపెట్టేవాళ్ళు కొంచెం ఆగండి, నేను చెప్పబోయేది అది కాదు. మా బామ్మర్ది ఆ బాపతే, వాడి సంగతికి తర్వాత వస్తా.

అదే రోజు మధ్యాన్నం మా అమ్మ ఫోన్ చేసి, "పింఛన్ ఈ నెల ఎప్పుడిస్తారో కాస్త కనుక్కో నాయనా" అనింది. ఫోన్ పెట్టేసినాక ఆ మాట దగ్గరే ఆగిపోయినా. కనుక్కో. రైలు ఎన్నింటికో కనుక్కో, పిల్ల వాళ్ళది ఏ ఊరో కనుక్కో, రేటెంతో కనుక్కో. ఇక్కడ కనుక్కోవడం అంటే పోయి ఎవర్నో ఒకర్ని అడగడం. న్యూటన్ గురుత్వాకర్షణ కనుక్కున్నాడు అన్నా అదే మాట. మన భాషలో ఈ రెండు పనులకీ మాట ఒకటే, ఇన్నేళ్ళు తెలుగు మాట్లాడుతూ, తెలుగులోనే తిట్టుకుంటూ బతికినా ఇది నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి నా బుర్రలో తిరుగుతున్నది ఇదే: మన సీమలో 'కనుక్కున్నారు' అని పుస్తకాల్లో రాసిన ప్రతిదాని వెనకా చూస్తే ఎవరో ఎవర్నో అడిగిన కథే ఉంటుంది, చూసినోళ్ళు వేలమంది ఉంటారు, అడిగినోడు ఒకడుంటాడు, పేరు వాడికి పోతుంది. అది అన్యాయమా అంటే సగం అన్యాయం, సగం న్యాయం. ఆ రెండో సగం ఒప్పుకోవడమే మనోళ్ళకు కష్టం.

జ్వాలాపురం సంగతి చెప్తా, నాకు బాగా దగ్గరి సంగతి అది. బనగానపల్లె పక్కన, జుర్రేరు వాగు లోయలో చిన్న ఊరు. (2022లో జిల్లాలు విడగొట్టినాక నంద్యాల జిల్లా అయింది, బెలుం కూడా అంతే, మాకు మాత్రం నోరు తిరగక ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది.) మా జేజిది ఆ పక్క పల్లె. చిన్నప్పుడు సెలవులకి పోతే పొద్దున్నే పెరట్లో బోకులు తోమే చప్పుడుకే మెలకువ వచ్చేది. కొబ్బరి పీచు, చింతపండు, ఒక పగిలిన కుండ పెంకులో తెల్లటి పొడి. కట్టెల బూడిద బూడిద రంగులో ఉండి చేతికి మెత్తగా ఉంటుంది కదా, ఇది అట్ల కాదు, ఇంకా తెల్లగా ఉండి, వేళ్ళ మధ్య రుద్దితే సన్నగా గీరుకున్నట్లుండేది. ఇత్తడి చెంబు దాంతో నాలుగు చుట్లు తిప్పితే పెళ్ళికి పోతున్నట్లు మెరిసేది. ఆ పొడి యాడిదని నేను అడగలా. జేజి చెప్పలా. అది జ్వాలాపురం పొడే అని ఇప్పుడు ఒట్టు పెట్టి చెప్పలేను, ఆమె పోయి పన్నెండేళ్ళయింది, ఆ పెంకు కూడా లేదు. కానీ ఆ ఊరి చుట్టుపక్కల తెల్ల బూడిద తవ్వి, గిన్నెలు తోమే పౌడర్లలోకి అమ్ముకోవడం అందరికీ తెలిసిన పనే.

ఆ బూడిద సుమారు 74,000 ఏళ్ళ కిందటిది. ఇండోనేషియాలో, సుమత్రా దీవిలో, టోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు లేచినది. ఇక్కడికీ అక్కడికీ మధ్యలో బంగాళాఖాతం మొత్తం ఉంది, రెండున్నర వేల కిలోమీటర్లకు పైమాటే. మనిషి అనేవాడు భూమ్మీద తిరగడం మొదలుపెట్టినాక జరిగిన పేలుళ్ళలో ఇంత పెద్దది ఇంకోటి లేదంటారు, పేలినాక మిగిలిన గుంతలో ఇప్పుడు సరస్సు ఉంది, దాని పొడవే దాదాపు 100 కిలోమీటర్లు, అంటే కర్నూల్లో బండెక్కితే గుత్తి దాకా నీళ్ళే అనుకోండి. పైకి లేచిన బూడిద గాలికి పడమరగా కొట్టుకొచ్చి మన దేశం మీద పడింది, మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలో ఉంది, నర్మద దగ్గర ఉంది, మన జుర్రేరు దగ్గర ఉంది. అగ్నిపర్వతం బూడిద అంటే కట్టె కాలిన బూడిద లాంటిది కాదు, కరిగిన రాయి గాల్లోనే చిట్లి చల్లారిన గాజు పొడి అది. మైక్రోస్కోపు కింద పెడితే పగిలిన గాజు పెంకులే కనపడతాయి. జేజి పొడి వేళ్ళకు గీరుకున్నది కూడా ఇందుకేనేమో, చెంబు మెరిసేదీ ఇందుకేనేమో.

ధార్వాడ నుంచి రవి కోరిశెట్టర్, విదేశాల నుంచి మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ళతో ఇంకొందరు కలిసి అక్కడ తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో రాసినాక జ్వాలాపురం పేరు ప్రపంచమంతా తిరిగింది. వాళ్ళు చూసింది బూడిద ఒక్కటే కాదు. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికినాయి, పొర పైన కూడా దొరికినాయి, రెండూ ఇంచుమించు ఒకే తీరువి. ఇది ఎందుకు పెద్ద సంగతయిందంటే, అంతకుముందు 1998లో ఒకాయన, ఆ పేలుడు పొగకి ఎండ తగలక చలి ముదిరి మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయినారు, కొన్ని వేలమందే మిగిలినారు, మనమంతా వాళ్ళ సంతానమే అని ఒక సిద్ధాంతం చెప్పినాడు. మరి జుర్రేరు ఒడ్డున మనుషులు బూడిద పడకముందూ రాళ్ళు చెక్కుకుంటున్నారు, పడినాకా అవే రాళ్ళు చెక్కుకుంటున్నారు. ప్రళయమొచ్చినా సీమోడు పని మానలేదన్నమాట! (ఊరికే అన్నాలెండి. ఆ మనుషులు మనలాంటి మనుషులేనా, లేక అంతకు పాతవాళ్ళా అనేదాని మీదే పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు, వాళ్ళకు సీమ అంటగట్టడం నా ఉబలాటం.)

రెండేళ్ళ కింద బండేసుకొని పోయినా అక్కడికి. బోర్డు ఉంటుందేమో, కంచె ఉంటుందేమో అనుకున్నా. చేన్ల మధ్య ఒక తవ్విన గుంత, గోడలో ఎర్రమన్ను మధ్యన తెల్లగా పాలు ఒలికినట్లు ఒక పట్టా, అంతే. పిడికెడు తీసుకొని రుద్దుకుంటా నిలబడితే యాపచెట్టు కింద కూర్చున్న పెద్దాయన పిలిచినాడు.

"ఏం సార్, కొనేకొచ్చినారా?"

"లేదన్నా, చూసేకి."

"ఏముండాది చూసేకి. బూడిదే కదా."

నాకు చెప్పే దురద ఉంది కదా, కూర్చొని మొత్తం చెప్పినా. సుమత్రా, పేలుడు, సముద్రం, గాలి, 74,000 ఏళ్ళు. ఆయన బీడీ ఆర్పి, ఓపిగ్గా విని, గుంత వైపు ఒకసారి చూసి, "గాలికొచ్చింది అంటాండావు. మా చేన్లో నిలువెత్తు ఉండాది. ఆ మిట్ట మీద చేన్లో యాడ తవ్వినా జానెడు కూడా లేదు. గాలికొచ్చిందైతే వాన మాదిరి అంతటా ఒకే తీరు పడాల కదా సార్?" అన్నాడు.

నాకు నోట మాట లేదు. నేను దాని మీద రెండు వ్యాసాలు చదివినోణ్ణి, వీడియోలు చూసినోణ్ణి, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నా బుర్రకు రాలేదు. ఇంటికొచ్చి మళ్ళీ చదివితే జవాబు అక్కడే ఉంది, నేనే దాని మీద నుంచి దూకి పోయినా: పైనుంచి పడింది కొన్ని సెంటీమీటర్లేనంట, ఆ తర్వాత వానలకు చుట్టూ మిట్టల మీది బూడిద కొట్టుకొచ్చి పల్లంలో, నీళ్ళు నిలిచే చోట మేట వేసింది, అందుకని ఆ పల్లంలో కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటింది. శాస్త్రవేత్తలు అక్కడ తేల్చుకోవాల్సిన మొదటి లెక్కల్లో ఇదొకటి, ఆ పెద్దాయన బీడీ తాగే టైములో వేసిన ప్రశ్న కూడా అదే. ఆయనకు ఆ చేను తెలుసు, వాళ్ళకు ఆ గాజు తెలుసు. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనకూ నాతో మాట్లాడేదాకా అడగాల్సిన అవసరం రాలేదు. ఎందుకొస్తుంది, కూలి గిట్టేది బూడిద ఎన్ని ట్రాక్టర్లు అనేదానికి గానీ ఏ దేశం నుంచి వచ్చింది అనేదానికి కాదు కదా.

ఇక మా బామ్మర్ది. ఇది చెప్పంగానే వాడి కళ్ళు పెద్దవైపోయి, "బావా, ఊరి పేరు చూసినావా, జ్వాలా పురం! మంటల ఊరు! మన పూర్వీకులకు అగ్నిపర్వతం సంగతి ముందే తెలుసు, అందుకే ఆ పేరు పెట్టినారు" అన్నాడు, అనడమే కాదు, సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసినాడు, దాని కింద మా పెద్దమామ రెండు దండాలు కూడా పెట్టినాడు. ఒరే నాయనా, 74,000 ఏళ్ళ కింద తెలుగు లేదు, సంస్కృతం లేదు, ఊరే లేదు, ఆ పేరు పెట్టినోడికి సుమత్రా పేరు కూడా తెలిసుండదు, ఊరు పేరు కాకతాళీయం రా అంటే వినడు. నువ్వు తెల్లోళ్ళ భజన చేస్తావు అంటాడు. వాడి వాదం ఎట్లుంటుందంటే మనోళ్ళకు అన్నీ తెలుసు, కాబట్టి ఇంక ఎవర్నీ ఏమీ అడగనక్కరలా. పాప పుస్తకం వాదం ఇంకో రకం, మనోళ్ళకు ఏమీ తెలీదు, కాబట్టి ఇక్కడోళ్ళను అడగనక్కరలా. రెండూ తిరిగి తిరిగి అడగక్కర్లేదు దగ్గరికే వస్తాయి, అదే నా బాధ.

కలివికోడి కథ తీసుకోండి. కడప జిల్లా వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళ కోసం. 1848లో జెర్డన్ అనే మిలిటరీ డాక్టరు ద్వారా ఈ పిట్ట సైన్సు లెక్కల్లోకి ఎక్కింది, అందుకే ఇంగ్లీషులో ఆయన పేరే ఉంటుంది. 1900లో అనంతపురం దగ్గర ఒకరు చూసినట్లు రాసినారు, ఆ తర్వాత అయిపు లేదు. ఎనభై ఏళ్ళు పైగా. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980ల్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి, అడవిలో దుర్భిణి పెట్టుకొని కూర్చోలేదు, ఊళ్ళు తిరిగి కాపర్లనీ పిట్టలు పట్టేవాళ్ళనీ అడుగుతా పోయినాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టే మనిషి ఒకాయన రాత్రిపూట లైటేసి ఒకదాన్ని ప్రాణంతో పట్టేసినాడు. లోకంలో లేదు అనుకున్న పిట్టకి ఇక్కడ పేరుతో సహా ఉంది, కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి. పాపం ఆ పట్టిన పిట్ట బతకలేదు.

దాని వల్ల లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చినారు, 1988లో పోస్టల్ స్టాంపు వేసినారు. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉంది, ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు పిట్టను చూడాలని వెంట పడకుండా, పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, తెల్లారి పోయి అడుగుజాడలు చూసుకునేవాళ్ళు, కెమెరాలు కూడా పెట్టేవాళ్ళు. అడుగు చూసి జంతువును చెప్పడం మన వేటగాళ్ళ చదువు, దానికి స్కేలు, లెక్క, నోటుబుక్కు తోడైనాయి. మళ్ళీ చాలా ఏళ్ళు అది కనపడక వినపడక, 2025 ఆగస్టులో దాని అరుపు రికార్డయింది అని వార్త వచ్చినప్పుడు, నిజం చెప్తున్నా, ఆఫీసులో కూర్చొని ఆ అరుపు ఆరేడుసార్లు పెట్టుకొని విన్నా.

ఇప్పుడు చెప్పండి, కలివికోడిని కనుక్కున్నది ఎవరు? పట్టిన మనిషికి పిట్ట తెలుసు, రాత్రి ఎక్కడుంటుందో తెలుసు. కానీ ప్రపంచంలో ఇది ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదు అనే సంగతి ఆయనకు తెలిసే దారి లేదు, ఆయనకు అది నాలుగు పిట్టల్లో ఒక పిట్ట. బొంబాయి వాళ్ళకు ఆ సంగతి తెలుసు, పిట్టే తెలీదు. అసలు జెర్డన్ కూడా తక్కువోడేం కాదు, 1860ల్లో వేసిన తన పక్షుల పుస్తకంలో చాలా పిట్టలకి తెలుగు పేర్లు పక్కన రాసుకున్నాడు, అంటే ఒక్కొక్కదాన్నీ చూపించి "దీన్ని ఏమంటారు" అని ఎవర్నో అడిగినాడనే కదా. ఆ చెప్పినోళ్ళ పేర్లు మాత్రం పుస్తకంలో పిట్టల పక్కన కనపడవు. నేను సగం అన్యాయం అన్నది దీన్నే.

వేమన్న సంగతీ ఇంతే, బ్రౌన్ వేమనను కనుక్కున్నాడంటే కడపలో కొందరికి కాలుతుంది, పల్లెల్లో పద్యాలు జనం నోట్లోనే ఉంటే కనుక్కునేదేముంది అని. నిజమే. కానీ నోట్లో ఉన్నదాన్ని కూలిచ్చి రాయించి, రాతప్రతులు పోగేసి, ఒకదానితో ఒకటి పోల్చి 1829లో దాదాపు 700 పద్యాలు అచ్చేసిన ఓపిక ఆ దొరకు ఉంది, మన జమీందార్లకు లేకపోయింది. ఇంత చాలు దీని గురించి, ఎక్కువ మాట్లాడితే మా కడప ఫ్రెండు ఫోన్ చేస్తాడు.

అసలు మన జనానికి నేల వైపు చూసే అలవాటే లేదా అంటే, ఎందుకు లేదు, జూన్‌లో తొలకరి పడినాక తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర, ఇటు వజ్రకరూరు పక్క పోయి చూడండి. ఎర్రమన్ను చేన్లో వందలమంది తలకాయ దించుకొని, జాతరలో ఉంగరం పోగొట్టుకున్నట్లు నడుస్తుంటారు. టిఫిన్ క్యారేజీలు, గొడుగులు, చంకలో పిల్లోళ్ళు, ప్రకాశం గుంటూరు నుంచి వచ్చినోళ్ళు, బళ్ళారి నుంచి వచ్చినోళ్ళు. విత్తనం వేసుకున్న రైతు మొత్తుకుంటా ఉంటాడు తొక్కొద్దు అని. ఎవరికో దొరుకుతుంది, ఇన్ని లక్షలు, ఇన్ని తులాల బంగారం ఇచ్చి వ్యాపారి తీసుకున్నాడని పేపర్లో వస్తుంది, మర్నాటికి ఇంకో వందమంది దిగుతారు. మా బామ్మర్ది పోయిన ఏడు రెండ్రోజులు లీవు పెట్టి పోయి, వజ్రం అనుకొని జేబు నిండా పలుగురాళ్ళు తెచ్చినాడు. వాటిల్లో ఒకటి మా పాప అక్వేరియంలో వేసుకుంది.

ఆ చేన్లో నాకు కనపడిన సంగతేందంటే ఆ జనానికి మన్ను బాగా తెలుసు. ఏ రంగు మన్నులో చూడాలి, వాన పడి ఎన్నాళ్ళకి చూడాలి, ఎండ ఎటు పక్క ఉంటే రాయి మెరుస్తుంది, అన్నీ తెలుసు, నోటితోనే తరతరాలుగా వచ్చింది. కానీ వజ్రం మా చేను పైకి ఎట్లొచ్చిందని అడిగితే "కృష్ణదేవరాయల కాలంలో ఇక్కడ రాశులు పోసి అమ్మేవాళ్ళంట, అప్పుడు ఒలికినవి" అంటారు. అసలు కథ దీనికంటే వందరెట్లు గమ్మత్తు. భూమి కింద 150 కిలోమీటర్లకు పైగా లోతులో పుట్టిన రాయి, దాదాపు 110 కోట్ల ఏళ్ళ కింద వజ్రకరూరు దగ్గర గొట్టాల మాదిరి చీల్చుకొని పైకి తన్నిన శిలతో వచ్చి, ఆ శిల కోట్ల ఏళ్ళు ఎండకీ వానకీ అరిగి కరిగి, గట్టిదైన వజ్రం మాత్రం మిగిలి వాగుల్లో చేన్లలో చెదిరింది. ప్రతి తొలకరికీ పైమన్ను కొట్టుకుపోయి ఇంకో పొర బయటపడుతుంది కాబట్టే ఏడాదికోసారి ఈ జాతర. ఆ శిల పేరు కింబర్లైట్, దక్షిణాఫ్రికాలో కింబర్లీ అనే ఊరి మీద పెట్టినారు, 1870ల్లో అక్కడ గనులు మొదలైనాక, 1880ల్లో. 1720ల్లో బ్రెజిల్‌లో దొరికేదాకా లోకానికి వజ్రాలిచ్చింది దాదాపుగా మన దేశమే, మన ఊరి పేర్లోనే వజ్రం ఉంది, అయినా శిలకు పేరు మాత్రం కింబర్లీది. ఎందుకంటే వజ్రం ఏ రాయిలోంచి వస్తోందని తవ్వుతూ తవ్వుతూ అక్కడ అడిగినారు, ఇక్కడ మనం వజ్రమెంతకు పోతుందని అడిగినాం. లేకపోతే ఇవాళ ప్రపంచమంతా వజ్రకరూరైట్ అనేది, పలకలేక చచ్చేవాళ్ళు తెల్లోళ్ళు.

డబ్బు అడిగేదాకే మన ప్రశ్నలు అని నేను తిట్టడం లేదు, పంట లేని ఏడు వజ్రమే కదా ఆశ. కానీ అదే చూపు ఎర్రగుడి బండల దగ్గరికి వచ్చేసరికి ఏమైందో చూడండి.

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి. అశోకుడి శాసనాలు, క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంవి, పద్నాలుగు పెద్ద శాసనాలూ చిన్నవీ ఒకే చోట ఉండేది దేశంలో బహు అరుదు. ఇవి 1929 ప్రాంతంలో బయటపడింది ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంట్లో, చరిత్రకారుడు కూడా కాదు, రాళ్ళ కోసం వచ్చినోడు రాత చూసినాడు. అంతకుముందు ఆ గుట్ట మీద రెండువేల ఏళ్ళుగా గొర్రెలు మేసినాయి, కాపర్లకు గీతలు కనపడకుండా ఉంటాయా? మన పక్క బండ మీద గీత కనపడితే నిధి గుర్తు అంటారు, తెలివైనోడైతే అమావాస్యకి గునపం తెస్తాడు. చదవడం మాట వదిలేయండి, బ్రాహ్మీ లిపి అందరూ మర్చిపోయి, 1837లో ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు దొర విప్పేదాకా కాశీ పండితులకైనా రాదు.

పోయిన నవంబర్లో మళ్ళీ పోయినా. పెద్ద బండలు, అక్షరాలు సన్నగా, ఎండ పక్కవాటుగా పడితేనే తేటగా కనపడతాయి. అక్కడి చిన్న శాసనంలో ఒక తమాషా ఉంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి, మడక సాలు చివర ఎద్దులు మళ్ళినట్లు రాత కూడా మళ్ళుతుంది. అట్లాంటి రాతకు గ్రీకులు పెట్టిన పేరుకు అర్థమే ఎద్దు మళ్ళినట్లు అని. ఎందుకట్ల చెక్కినాడో ఆ చెక్కినోడికే తెలియాల. రాసిన విషయం కూడా బాగుంటుంది, రాజుగారు రజ్జుకుడు అనే అధికారికి చెప్పాల, ఆయన భేరి కొట్టించి పల్లె జనానికి చెప్పాల, తల్లిదండ్రుల మాట వినాల, ప్రాణుల మీద దయ ఉండాల, నిజం చెప్పాల అని, ఇంకా మావటీలూ రాయసగాళ్ళూ తమ తమ వాళ్ళకు నేర్పాల అని. అంటే బండ మీద ఉన్నది చదువుకునేకి కాదు, డప్పేసి చాటేకి. మొన్నమొన్నటి దాకా మా ఊళ్ళో కూడా అదే పద్ధతి, పంచాయతీ దండోరా.

నేను ఫోటోలు తీసుకుంటుంటే ఒక గొర్రెల కాపరి, ముప్పై ఏళ్ళుంటాయి, వచ్చి గమ్మున నిలబడినాడు. నేను మళ్ళీ దురద కొద్దీ అశోకుడు, ఎద్దులు, డప్పు, అంతా చెప్పినా. డప్పు దగ్గరికి వచ్చేసరికి ఆయన, "ఆ పక్క గుట్టలో ఒక నల్లబండ ఉంది సార్, రాయితో కొడితే గంట మోగినట్లు మోగుతాది. చిన్నప్పుడు మేం కొట్టి ఆడుకుంటుంటిమి. దాని మీద గుంతలు గుంతలుగా ఉంటాయి" అన్నాడు.

"అవునా" అన్నా. ఫోనులో టైం చూసుకున్నా. గుత్తిలో రైలు దొరకాలంటే బయల్దేరాల. ఆయనకు చెయ్యి ఊపి ఆటో ఎక్కేసినా.

రైల్లో కూర్చొని, పల్లీలు తింటా ఉంటే అప్పుడు వెలిగింది. బళ్ళారి దగ్గర కుప్పగల్లులో నవశిలాయుగం నాటి మోగే బండలున్నాయి, నల్లరాయే, కొట్టీ కొట్టీ గుంతలు పడి ఉంటాయి, వాటి మీద పరిశోధనలు వచ్చినాయి, నేనే చదివినా, ఎవరికో ఫార్వర్డ్ కూడా చేసినా. ఇక్కడున్నది అట్లాంటిదో, పిల్లోళ్ళు ఆడుకున్న మామూలు బండో, పోయి కొట్టి చూసేదాకా ఎట్ల తెలుస్తుంది. ఆ మనిషి పేరు అడగలా. ఏ గుట్టో, ఎటు పక్కో కూడా అడగలా.

సంక్రాంతి లోపల ఒక ఆదివారం పోదామని ఉంది. బామ్మర్ది కూడా వస్తానంటున్నాడు, పలుగురాళ్ళ సంచీతో.